అరుణాదేవి గారి టార్క్ కన్వర్టర్

వికారాబాద్, ఫిబ్రవరి 3

లతీఫ్ భాయ్‌కి నమస్కారాలు.

మీ షాపు పక్కన బండలు కోసే మిషన్ల హోరుకి ఫోన్లో ఏదీ వినబడదట, ఆర్డర్లన్నీ కాగితం మీదేనట. అందుకే రాస్తున్నాను. నేనిక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా ఆటోమేటిక్ కారుకి, ఇంజన్‌లోకి గాలి దట్టించే పెద్ద టర్బో వేయించాను. కానీ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నూనెలో తిరిగే టార్క్ కన్వర్టర్ పాతదే. ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం అందుకోగానే బండి కదిలిపోతుంది, అప్పటికి టర్బో ఇంకా నిద్ర లేవదు! ఈ నెల 23న, ఆదివారం, హైదరాబాద్ అవతల ట్రాక్ మీద పావు మైలు పందెం. రెండేళ్ళుగా బండి మొదటి రౌండులోనే ఇంటిముఖం పడుతోంది. ఈసారి కప్పు కావాలి. ఏ కన్వర్టర్ వేద్దాం?

పందెం తేదీకి రోజులు లెక్కపెట్టుకుంటున్న
అరుణాదేవి

తా.క.: జవాబు ఇంటి అడ్రసుకే రాయండి. కాలేజీకి రాస్తే ప్రిన్సిపాల్ గారు విప్పి చదువుతారు.

తాండూరు, ఫిబ్రవరి 6

టీచరమ్మకు లతీఫ్ సలాం.

నాకు ఉర్దూ తప్ప చదువరాదు. నేను చెప్తుంటే మా బిడ్డ తరన్నుమ్ రాస్తున్నది. కన్వర్టర్ చెప్పుల జత లెక్క, కాలు సూడకుండ ఇయ్యలేను. బండిని లారీల కాంటా మీద తూయించి చీటీ పంపుండ్రి.

మీ లతీఫ్

తా.క.: టర్బో సరిగ్గా ఎన్ని ఆర్‌పీఎం దగ్గర లేస్తుంది మేడమ్? ఇది నాన్న అడగలేదు, నేను అడుగుతున్నాను. – తరన్నుమ్

వికారాబాద్, ఫిబ్రవరి 9

లతీఫ్ భాయ్‌కి,

చీటీ జతచేశాను. 1,760 కిలోలు. త్వరగా పంపండి, రాత్రి కలలో కూడా స్టార్టింగ్ లైటే కనిపిస్తోంది!

తొందరలో ఉన్న
అరుణాదేవి

తా.క.: 2,900 దగ్గర లేస్తుంది అమ్మాయీ. చీటీలో 'సరుకు: కందులు' అని పడింది, పట్టించుకోకండి.

తాండూరు, ఫిబ్రవరి 12

టీచరమ్మకు సలాం.

పట్టించుకోవద్దన్నరు సూడుండ్రి, గప్పుడే సమఝైంది. మీరు గా కార్ల కందుల సంచులేస్కొని తాండూరు మార్కెట్‌కు కొడుతుండ్రు! గంత లోడుకు మూడు వేల ఆర్‌పీఎంకు పట్టే కన్వర్టర్ పెడితే నూనె మాడి గేర్‌బాక్స్ ఖతం. అందుకే రెండు వేల రెండు వందలది పంపుతున్న. పందేల పిచ్చి మీ పిల్లగానిదే కావొచ్చు. జర బుద్ధి చెప్పుండ్రి.

మీ మేలు కోరే లతీఫ్

తా.క.: మేడమ్, డబ్బా మీద 2,200 అని నాన్న అంటించారు. లోపల నేను పెట్టింది 3,000ది. కందులు మోసేవాళ్ళు టర్బో ఎప్పుడు లేస్తుందో రాయరు. ఈ తా.క. నాన్నకు చదవలేదు. – త.

వికారాబాద్, ఫిబ్రవరి 17

లతీఫ్ భాయ్,

కందులా? ఆ కాంటా మిషన్‌లో సరుకు పేరు కొట్టకపోతే చీటీ రాదట, కాంటా ఆయన తనకు తోచింది కొట్టాడు! కారులో కూర్చున్నది మా స్టాఫ్ రూమ్ నలుగురు లెక్చరర్లు. దిగమంటే కాంటా ఆయన, "లారీని లోడుతోనే తూస్తం మేడమ్, కూసోనియ్యుండ్రి" అన్నాడు. ఇక పిల్లగాడెవరు? నాకు పిల్లలే లేరు. నడిపేది నేనే! మీరు పంపింది బిగించి ఖాళీ గ్రౌండులో చూశాను. బ్రేకు వదిలానో లేదో, వీపు సీటుకి అతుక్కుపోయింది!

కోపం, సంతోషం రెండూ ఆపుకోలేని
అరుణాదేవి

తా.క.: బతికించావు అమ్మాయీ. ఇదీ నాన్నకు చదవకు.

వికారాబాద్, ఫిబ్రవరి 24

లతీఫ్ భాయ్‌కీ, ఇది మీకు చదివి వినిపిస్తున్న తరన్నుమ్‌కీ,

ఫైనల్ దాకా వెళ్ళాను! పక్క లేన్‌లో ఓ పాత ఆకుపచ్చ కారు. లైటు పడగానే ఇద్దరం ఒక్కసారే దూకాం. గీత దాటేసరికి అది నాకంటే బానెట్ పొడుగు ముందుంది. కప్పు పోయింది. ఏడుపొచ్చింది, దాచుకోను. గెలిచిందెవరో చూద్దామని దిగి వెళ్ళాను. హెల్మెట్ తీసి ఓ అమ్మాయి అడిగింది కదా, "మేడమ్, మా నాయిన పంపిన కన్వర్టర్ మంచిగ పట్టిందా?"

భాయ్, ఆదివారం మీరు పూడూరులో దావత్‌కి వెళ్ళారట. మీ షాపులో కవరు కప్పి ఉంచుతారట, ఆ ఆకుపచ్చ కారు ఎక్కడికి వెళ్ళిందో కనుక్కోండి. చదివే గొంతు ఇక్కడ ఆగిపోతే, ఈ కాగితం పక్క షాపుకి తీసుకెళ్ళి మిగతాది చదివించుకోండి.

మిగతాది ఇంతే: ఆమెను తిట్టకండి. ఇంత గట్టి డ్రైవరు నాకింతవరకు ఎదురుపడలేదు.

ఓడిపోయినా గంతులేస్తున్న
అరుణాదేవి

తా.క.: తరన్నుమ్, నాకు మూడు వేలది చాలని పంపావు. నీ బండిలో మాత్రం మూడు వేల నాలుగు వందలదట! ధైర్యముంటే నాకూ అదే పంపు. వచ్చే పందెంలో కలుద్దాం.