గురువారం మాత్ర

ఏమయ్యా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నిన్న నీ సంవత్సరీకం. నిన్ననే పక్కింటి నాగమ్మ మొగుడు ఈరన్న ఆదోని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. నీకొచ్చిన గుండెపోటే అతనికీ వచ్చింది.

మీ ఇద్దరిదీ ఒకే డాక్టరు, ఒకే బీపీ మాత్ర. గుండెకు రక్తం అందనప్పుడు కండలో కణాలు చచ్చిపోతాయట. ఈ మాత్ర వాటిని కొంత కాపాడుతుందేమోనని ఎక్కడో ఎలుకల మీద పరిశోధన చేస్తున్నారని డాక్టరు చెప్పాడట. ఇంకా తేలలేదట. నువ్వుంటే ఎమ్మిగనూరులో మగ్గమున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పేవాడివి.

గురువారం స్వామికి ఒక్కపొద్దని నువ్వు మాత్ర ముట్టేవాడివి కాదు. నేనెంత బతిమాలినా వినలేదు. గురువారమే పోయావు.

"మా ఆయప్పదీ ఒక్కపొద్దే అక్కా. స్వామికి నేను సెప్పుకుంటాలే, మింగప్పా అంటి. మింగినాడు," అంది నాగమ్మ నవ్వుతూ.

మంచిదే అన్నాను. లోపల ఒళ్లు మండిపోయింది. ఆమె చెబితే మింగాడు.

సాయంత్రం గోడ అవతల ఈరన్న అరిచాడు. "ఉప్పు లేని కూడు ఎవురు తింటారే!"

"నువ్వే తింటావు. అరవకుండా తిను," అంది నాగమ్మ.

అతను గొణుక్కుంటూ తినడం పూర్తయ్యేదాకా గోడ దగ్గరే నిలబడి విన్నాను.