నాన్న మొహం రంగు

తాయారక్కకి,

ఫోన్ సేస్తే నన్ను మాటాడనివ్వవు గాబట్టి ఈ కాయితం రాసి ఫోటోలతో పాటు పంపుతన్నాను.

నాన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి రంగులెయ్యమన్నావు, ఏసాను. కంప్యూటర్ దానంతటది ఏస్తే గులాబీ బుగ్గలొచ్చాయి. పోర్టులో ముప్పై ఏళ్లు ఎండలో మూటలు మోసినోడికి గులాబీ బుగ్గలేటక్కా? అది తీసేసి, నా సెయ్యి ఫోటో తీసుకుని ఆ రంగే నాన్న మొహానికి ఎక్కించాను. నాది అచ్చం నాన్న రంగేనని సిన్నప్పట్నుంచీ నువ్వే కదా అంటావు!

మరి మూడుసార్లు ఎందుకు తిప్పి పంపావు? "ఇంకొంచెం తెల్లగా సెయ్యి, మద్దిలపాలెం ఫ్లాట్ గృహప్రవేశానికి మా ఆఫీసోళ్లొస్తారు" అంటావు. సొక్కా రంగు తప్పంటే మారుస్తాను. మొహం ఏటి తప్పు సేసింది?

సరే, నువ్వడిగినట్టే తెల్లగా ఒకటి సేసాను. నానేసింది కూడా కవర్లోనే పెట్టాను. హాల్లో ఏది తగిలిస్తావో ముందే సెప్పు. తెల్లదైతే నాను రాను. దాని కింద నన్ను నిలబెట్టి, ఈడు మా తమ్ముడని మీ ఆఫీసోళ్లకి ఎలా సెప్తావు?

నీ తమ్ముడు