ఈ కాగితం మెట్లు దిగదు

నేను, నలభై ఏళ్లు మేడమీది గదిలో బట్టలు కుట్టి బతికినదాన్ని, వయసు డెబ్బై నాలుగు, మతి నిలకడగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నిలబడి రాస్తున్నాను. అవును, మేడమీదే!

1. తుంటి విరిగి మంచంలో ఉండగా నిరుడు రాసిన వీలునామా రద్దు. అది భయంతో రాసింది. ఇక లేవననుకుని మిషను అమ్మేయమన్నాను, చెప్పులు కూడా పంచేశాను. ఈ పొద్దున పదిహేను మెట్లూ ఒక్కదాన్నే ఎక్కాను. చెప్పులు నావే, ఎవరూ ముట్టుకోవద్దు!

2. ఈ గది, కుట్టుమిషను నా కూతురికి. బంగారుతల్లి, కానీ నన్ను పాడుచేసింది. నీళ్లు చేతికి, ముద్ద నోటికి అందిస్తుంటే నాకు కాళ్లున్న సంగతే మరిచిపోయాను. ప్రేమకొద్దీ చేసిందే, కోపం లేదు.

3. వ్యాయామం చేయించిన అమ్మాయికి నా పెద్ద కత్తెర. దయ్యంపిల్ల! చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవమనేది. నీళ్లగ్లాసు కిటికీ దగ్గర పెట్టేది, దాహమైతే నడవాల్సిందే. మొదటిరోజు ఏడ్చాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు అని నేర్పింది. ఆమె చల్లగా ఉండాలి. వాకరు ఆస్పత్రికి ఇచ్చేయండి, నాకిక పనిలేదు.

4. సెలూను నడిపే నా తమ్ముడికి ఏమీ రాయలేదు. వాడికి కుట్టిన కోటు బిగుతుగా ఉందని నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు. పొట్ట వాడిది, తప్పు నా సూదిదా? ఆరేళ్లుగా మాటల్లేవు. అయినా ఇది ఆ కోపం కాదు. మోకాలి ఆపరేషనై ఐదు నెలలైనా వాడు మంచం దిగడంలేదు. డాక్టరు నడవమంటే రేపు, ఎల్లుండి అంటున్నాడట. ఇలాగే ఉంటే వాడి కాళ్లు కొయ్యబారిపోతాయి. నాకు భయంగా ఉంది.

5. వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలని, ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షి కాకూడదని ప్లీడరుగారు చెప్పారు. తమ్ముడికి ఏమీ రాయనిది అందుకే. నాకు రెండో సాక్షిగా వాడే కావాలి, ఇంకెవరూ వద్దు. ఈ కాగితం ఈ బల్లమీదే ఉంటుంది, కిందికి రాదు. వాడు రాకపోతే పాతదే చెల్లుతుంది, వాడి మేనకోడలికి, అంటే నా కూతురికి, రావాల్సిన మిషను అమ్ముడైపోతుంది. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. ఎలా రాడో చూస్తాను! అంతవరకు నేను చచ్చే ప్రసక్తే లేదు.

6. అమలు బాధ్యత ప్లీడరుగారిది.

తేదీ: ఫిబ్రవరి 12
సంతకం: కుట్టుపని అక్క

మొదటి సాక్షి: ప్లీడరుగారి గుమాస్తా (మెట్లెక్కి నాకంటే ఎక్కువ రొప్పాడు)

రెండో సాక్షి: ఏప్రిల్ 3. తమ్ముడు. మధ్యలో రెండుసార్లు కూలబడ్డాను. ఎక్కాను. దిగడం ఎలాగో అక్క చెబుతోంది, వింటున్నాను.