పువ్వు కింది ఊచ

అత్తయ్యగారికి, మామయ్యగారికి,

రెండు చేతులూ ఖాళీగా లేక మీ అల్లుడు ఒక్క చేత్తో పెడుతున్న నమస్కారాలు.

రెండో చేతిలో మీ మనవరాలు బుడంకాయ ఉంది. నిద్రపోతోంది. నేను కదిలితే లేస్తుంది కాబట్టి అక్షరాలు వంకర పోతే మన్నించండి. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. అది మోగితే బుడంకాయ ఉలిక్కిపడుతోందని మీ అమ్మాయి దాన్ని బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడ పెట్టిందో నిద్రమత్తులో మర్చిపోయింది. ఇక మనకు ఉత్తరాలే గతి.

పాప కోసం మామయ్యగారు స్వయంగా చేసి పంపిన చెక్క ఊచల మంచం క్షేమంగా చేరింది. ఒక్క మేకు కూడా లేకుండా ఇంత మంచం ఎలా నిలబడిందా అని చుట్టూ తిరిగి చూశాను. పక్కింటావిడ ఆ నునుపు చూసి చెంప ఆనించింది. ఎదురింటాయన పక్కన చెక్కిన పువ్వు చూసి తనకూ ఒకటి కావాలన్నాడు. వాళ్లింట్లో పిల్లలే లేరు.

ఒక్కటే చిక్కు. అందులో పడుకోవాల్సిన మనిషి పడుకోవడం లేదు. చేతుల్లో ఉన్నంతసేపూ ఒళ్లు మరిచి నిద్రపోతుంది. వీపు పరుపుకు ఆనిందో లేదో, ఓడ సైరన్ మోగుతుంది. నేను రేవులో క్రేను నడిపేవాణ్ని. లారీ అంత పెట్టెను కింద కోడిగుడ్డు పెట్టినా పగలకుండా దించుతానని నాకు పేరు. అలాంటివాణ్ని ఈ గుప్పెడు పిల్లను దించలేక బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నాను. మీరు పెద్దవాళ్లు, ఏదైనా ఉపాయం చెప్పండి.

ఇట్లు
మీ అల్లుడు

తా.క. అత్తయ్యగారూ, ఇది మీకు మాత్రమే. మామయ్యగారు కళ్లజోడు పెట్టుకోరని, ఉత్తరాలు మీరే చదివి వినిపిస్తారని తెలుసు. దయచేసి ఇక్కడ ఆపేయండి. పువ్వు చెక్కిన వైపు సరిగ్గా ఆ పువ్వు కిందున్న ఊచ వదులుగా ఉంది. కాస్త తిప్పి పైకి లాగితే చేతిలోకి వచ్చేసింది. పాపం, వయసు మీద పడింది కదా, చెయ్యి తప్పి ఉంటుంది. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక నేనే జిగురు రాసి, మేకులు దిగ్గొట్టి, పైన రంగు పూసేశాను. ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి.

*

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవెనలు.

బాబూ, కింద ఉన్నవన్నీ మీ మామయ్య మాటలు. రాసే చెయ్యి మాత్రమే నాది. కోపం వస్తే ఆయన మీద తెచ్చుకో.

"అల్లుడూ, మంచం బాగుంది కానీ మనిషి పడుకోవడం లేదు అనే మాట నా చెవిన ఇంతవరకూ పడలేదు. నేను చేసిన కుర్చీలో కూర్చున్నవాడు లేవనన్నాడు గానీ కూర్చోనని ఎవడూ అనలేదు. ముందు మంచం సమంగా ఉందో లేదో చూడు. పరుపు మీద గ్లాసుతో నీళ్లు పెడితే తెలుస్తుంది. పువ్వు వైపు మీ మంచానికి ఆనించి పెట్టావా, గోడకు పెట్టావా? ఊచలన్నీ ఒక్కొక్కటే తడిమి చూడు. శ్రద్ధగా తడుము. కంటికి కనిపించనివి చేతికి తెలుస్తాయి."

చివరి మాట ఆయన రెండుసార్లు చెప్పారు, రెండుసార్లు రాయమన్నారు. నాకు ఓపిక లేక ఒకసారే రాశాను.

ఇట్లు
అత్తయ్య

తా.క. ఇవి నా మాటలు. నీ తాజా కలం చదవలేదన్నట్టే మడిచి డబ్బాలో దాచాను. మేకు పేరు ఎత్తితేనే ఈయన భోజనం మానేస్తారు. మంచి పని చేశావు, నోరు మెదపకు.

నీ భార్య పుట్టినప్పుడూ ఈయన ఇలాంటి మంచమే చేశారు. దానికీ ఒక పువ్వు. అది అందులో హాయిగా పడుకునేది. ఎలా పడుకునేదో నాకు తెలియదు, నేను దిండు మీద తల పెడితే తెల్లారేది. ఈయన ఏమైనా సాయం చేశారా అంటే, ఆ ఏడాదే ఆయనకు నడుం నొప్పి వచ్చింది. పరుపు పడదని పిల్ల మంచం పక్కన కటిక నేల మీద పడుకునేవారు. పిల్ల నడక మొదలుపెట్టాక నొప్పి దానంతటదే పోయింది. నేను రాసిన నూనె పనిచేసిందనే ఇప్పటికీ నా నమ్మకం.

*

అత్తయ్యగారికి, మామయ్యగారికి,

మెడ ఒక పక్కకు పట్టేసిన మీ అల్లుడి నమస్కారాలు. ఆ పక్కనే మీరున్నారు కాబట్టి మర్యాదకు లోటు లేదు.

మామయ్యగారు చెప్పినట్టు పరుపు మీద నీళ్ల గ్లాసు పెట్టాను. మంచం సమంగానే ఉంది. గ్లాసు తీసే నా చెయ్యే సమంగా లేదు. పరుపు ప్రస్తుతం పెరటి గోడ మీద ఆరుతోంది. పువ్వు వైపు మా మంచానికే ఆనించాను. ఊచలన్నీ తడిమాను. ఒక్కొక్కటీ ఇనుప కడ్డీలా ఉంది. ఒకదాన్ని పట్టుకుని వేలాడి కూడా చూశాను, చీమంత కదల్లేదు. మీ పనితనానికి జోహార్లు.

ఈలోగా మీ అమ్మాయి అందరి సలహాలూ పాటించింది. పక్క దుప్పటిని వేడినీళ్ల సీసాతో వెచ్చగా చేసి, సీసా తీసేసి పడుకోబెట్టాం. సైరన్. కళ్లు పూర్తిగా మూయకముందే, మగతగా ఉండగానే దించమన్నారు. దించాం. మగత మాకు మిగిలింది, సైరన్ దానికి. పగటిపూట కాసేపు అలవాటు చేయమని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. నేను పక్కన కూర్చుని పాడాను. అది నన్ను జాలిగా చూసింది.

అసలు కష్టం ఇప్పుడు చెబుతాను. నిన్న క్రేను క్యాబిన్‌లో ఉండగా రెప్ప బరువెక్కింది. ఒక పెద్ద పెట్టెను కిందికి దించుతూ మైకులో "జోజో నా తల్లి, అయిపోయింది, అయిపోయింది" అన్నానట. రేవంతా విన్నది. ఫోర్‌మన్ నన్ను కిందికి దింపి ఇనుప తాళ్లకు గ్రీజు పూయమన్నాడు. "నువ్వు పడుకుని వస్తేనే పైకి. వచ్చే నెల దాకా చూస్తా, తర్వాత ఆ కుర్చీ ఇంకొకడిది" అన్నాడు. ఆ కుర్చీ కోసం నేను ఎన్నేళ్లు కింద నిలబడి జెండా ఊపానో మీకు తెలుసు. ఇల్లు గడిచేదీ ఆ కుర్చీతోనే. భయంగా ఉంది.

ఇట్లు
గ్రీజు మరకలతో
మీ అల్లుడు

తా.క. అత్తయ్యగారికి మాత్రమే. నేను వేలాడిన ఊచ అదే. కిర్రుమన్నట్టు అనిపించి ఇంకో రెండు మేకులు వేశాను.

*

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవెనలు.

బాబూ, ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అర్థం నన్ను అడగకు.

"ఊచలన్నీ గట్టిగా ఉన్నాయా? అన్నీనా? అయితే అది నా మంచం కాదు. దారిలో లారీ వాళ్లు మార్చేశారు. ఇంకెవరిదో మంచం తెచ్చి నీకు అంటగట్టారు. పువ్వుకు రేకులు లెక్కపెట్టు. నావే అయితే మళ్లీ తడుము. పువ్వు కింద తడుము. బలంతో కాదు, నెమ్మదిగా, పిల్ల బుగ్గ తాకినట్టు."

నేను కలం ఆపి, "ఊచలు గట్టిగా ఉంటే మంచిదే కదండీ" అన్నాను. "నీకు తెలియదు, రాయి" అన్నారు. "తెలియనిది ఏమిటో చెబితే రాస్తాను" అన్నాను. గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్లిపోయారు. మాకు గ్యాసు వచ్చి చాలా కాలమైంది.

నీ క్యాబిన్ సంగతి చదవగానే మాత్రం మెత్తబడ్డారు. "వాడి కుర్చీ పోకూడదు" అని తనలో తాను అనుకున్నారు. అది రాయమనలేదు, నేనే రాశాను.

ఇట్లు
అత్తయ్య

తా.క. నాకు బెంగగా ఉంది బాబూ. చేసిన పని గట్టిగా ఉందని బాధపడే వడ్రంగిని ఎక్కడైనా చూశావా? నిన్న ఇంట్లో కిటికీ ఊచలన్నీ ఒక్కొక్కటే కదిపి చూసి నిట్టూర్చారు. అన్నం సగంలో వదిలేస్తున్నారు. మేకుల వాసన ఏమైనా తగిలిందంటావా?

*

అత్తయ్యగారికి, మామయ్యగారికి,

గుండె దడతో మీ అల్లుడి నమస్కారాలు.

పువ్వు మామయ్యగారిదే. రేకులు లెక్కపెట్టాను, మీ అమ్మాయి కూడా లెక్కపెట్టింది, ఇద్దరికీ వేరే వేరే లెక్క వచ్చింది. నిద్ర లేని కళ్లు కదా. పువ్వు కింద బుగ్గ తాకినట్టే తాకాను. మిగతా ఊచలకన్నా అదే గట్టిగా ఉంది. ప్రపంచంలో అంత గట్టి ఊచ మరొకటి ఉండదని ఒట్టేసి చెప్పగలను.

మంచం బలం గురించి మీకు ఇక అనుమానం అక్కర్లేదు. పడుకోవడం ఎలాగో దానికి చూపించమని మీ అమ్మాయి నన్ను అందులోకి ఎక్కించింది. మోకాళ్లు గడ్డానికి ఆనించి, పక్కకు ఒత్తిగిలి, కళ్లు మూసి చూపించాను. అంతే గుర్తుంది. మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. బుడంకాయను ఎత్తుకుని మీ అమ్మాయి, పక్కింటావిడ, ఎదురింటాయన చుట్టూ నిలబడి ఉన్నారు. "పనిచేస్తోందే" అన్నాడు ఎదురింటాయన. మంచం ఎక్కడా విరగలేదు. నన్ను బయటికి తీయడానికి మాత్రం ముగ్గురు పట్టారు.

బుడంకాయ అంతా చూసి ఆవలించింది. దించగానే సైరన్. ఈ నెల చివరికొచ్చేసింది. గ్రీజు డబ్బా నాకు పేరుపెట్టి పిలుస్తున్నట్టుంది.

ఇట్లు
మీ అల్లుడు

తా.క. అత్తయ్యగారూ, ఇక నావల్ల కాదు. ఆయనకు తెలిసిపోయింది. అందుకే ఆ ఊచ చుట్టూనే తిరుగుతున్నారు. నేనే చెప్పేయనా? ఆయన ముందు నోరు పెగలదు. మేకులు లెక్కపెడితే చేతివేళ్లు చాలడం లేదు.

*

అల్లుడూ,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పకు. మీ అత్తయ్యను కూరగాయలకు పంపాను.

నేను అన్నం తినడం లేదని ఆవిడ తట్టుకోలేక నిన్న డబ్బా తెరిచి నీ తాజా కలాలన్నీ చదివి వినిపించింది. నా మంచానికి మేకులు. వినగానే నా ఒంట్లో దిగినట్టే అయింది. తర్వాత నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే మీ అత్తయ్య భయపడి నా మొహాన నీళ్లు కొట్టింది.

ఒరే నాయనా, ఆ ఊచ వదులుగా రాలేదు. వదులుగా ఉండేట్టు చేశాను. మంచం మొత్తానికి పట్టిన శ్రమ ఒక ఎత్తు, ఆ ఒక్క ఊచ తిప్పితే వచ్చి, మళ్లీ పెడితే కూర్చునేలా చేయడం ఒక ఎత్తు. అది నీ చెయ్యి పట్టే సందు. పక్కన పడుకుని, ఊచ తీసి, చెయ్యి లోపల పెట్టడానికి.

నీ భార్య మంచానికీ అదే చేశాను. దించగానే ఏడ్చేది. ఒకరోజు చెయ్యి తీయకుండా అలాగే ఉంచాను, నా వేలు పట్టుకుని పడుకుంది. పైనుంచి వంగి ఎంతసేపని ఉంటాం? అందుకే ఊచ కోసి, కింద పడుకున్నాను. మొదట్లో అరచెయ్యి మొత్తం గుండె మీద. కొన్నాళ్లకు పక్కన ఊరికే ఉంచితే చాలు. ఆ తర్వాత ఒక్క వేలు. అలా అలా మంచం దానిదైపోయింది. నాకు నడుం నొప్పి ఏ రోజూ లేదు. ఒక చంటిదాని వేలు పట్టుకుని నేల మీద పొర్లుతున్నానంటే నా కలప అడితిలో మనుషులు నవ్వుతారని అలా చెప్పాను. చెప్పాక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. మీ అత్తయ్య ఏడాదంతా నూనె రాసింది. ఇప్పుడు ఆవిడ చేత్తోనే ఈ సంగతి ఎలా రాయించను? తడిమితే నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. తెలిసినవాడివి మేకు కొడతావని కలగన్నానా?

నీ పనే గుర్తు తెచ్చుకో. పెట్టె నేలకు ఆనగానే కొక్కెం ఊడదీస్తావా? తాడు కాసేపు బిగువుగానే ఉంచి, అది కుదురుకుందని తెలిశాక కదా వదులుతావు. రేవులో చేసేది ఇంట్లో ఎందుకు మర్చిపోయావు?

మేకులు పీకెయ్. చెక్క చీలకుండా పక్కకు తిప్పుతూ పీకు. ఒకరోజు అదే నీ వేలు వదిలేస్తుంది. ఆరోజు ఊచ పెట్టేసి జిగురు వెయ్యి. నాకు ఆ జిగురు డబ్బా మూత తీయడానికి చాలా రోజులు పట్టింది.

నడుం నొప్పి సంగతి మీ అత్తయ్యకు తెలియకూడదు.

నీ మామయ్య

తా.క. బాబూ, అత్తయ్యను. కవరు అంటించమని నాకే ఇచ్చారు. మనిషికి తెలివి ఉలిలోనే ఉంది. చదివాను. కాసేపు కోపం వచ్చింది, తర్వాత కళ్లు తుడుచుకున్నాను. ఆ ఏడాది నూనెకైన ఖర్చుకు ఒక మంచి చీర వచ్చేది. నేను చదివినట్టు ఆయనకు చెప్పకు. సాయంత్రం నడుముకు నూనె రాయనా అని అడుగుతాను. ఏమంటారో చూడాలి.

*

అత్తయ్యగారికి, మామయ్యగారికి,

చాలా రోజుల తర్వాత రెండు చేతులూ ఖాళీ అయిన మీ అల్లుడి నమస్కారాలు.

మేకులన్నీ పీకాను. పిల్ల మంచాన్ని మా మంచం నుంచి కాస్త జరిపి, ఊచ తీసి, మధ్యలో నేల మీద పడుకుని, చెయ్యి లోపల పెట్టాను. బుడంకాయను మీ అమ్మాయి దించింది. సైరన్ కోసం చెవులు మూసుకుంది. నేను తాడు వదలలేదు. అది ఒకసారి మూలిగి, నా అరచెయ్యి మీద కాళ్లతో తన్ని, ఎవరో బాకీ తీర్చినట్టు నిట్టూర్చి నిద్రపోయింది. మీ అమ్మాయి మా మంచం అంచున కూర్చుని ఏడ్చేసింది. ఎందుకు అంటే, ఏం చేయాలో తోచక అంది. తర్వాత తనూ పడుకుంది. నేనూ పడుకున్నాను. ఇల్లంతా పడుకున్నాం.

ఫోర్‌మన్ నా మొహం చూసి క్యాబిన్ తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇవాళ మళ్లీ క్యాబిన్ ఎక్కాను. మొదటి పెట్టె దించగానే కింద జెండా ఊపేవాళ్లంతా కలిసి "జోజో" అన్నారు. అననివ్వండి.

ఇప్పుడు ఒక్క వేలి దాకా వచ్చాం.

ఇట్లు
మీ అల్లుడు

తా.క. నాకు ఈమధ్య కొంచెం నడుం నొప్పిగా ఉంటోంది. పరుపు పడడం లేదు. నేల మీదే బాగుంది. మీ అమ్మాయికి అలాగే చెప్పాను, నమ్మింది.

తా.క. అమ్మా, నేను. కవరు నాకే ఇచ్చారు. నేనేం నమ్మలేదు, నాన్న ఉత్తరం నేనూ చదివాను. నాన్నకు చెప్పు, బుడంకాయ మూడు రోజుల కిందటే వేలు వదిలేసి అటు తిరిగి పడుకుంటోంది. ఈయనే ఇంకా చెయ్యి లోపల పెట్టుకుని పడుకుంటున్నారు. జిగురు డబ్బా నేనే దాచాను.