గుర్తు పెట్టిన కాగితం

తమ్ముడు గంగాప్రసాద్‌కు,

గుట్ట మీది మీ పోలీసు క్యాంపులో ఫోన్ పట్టదన్నావు కాబట్టి ఒమన్‌లోని ఈ సూర్ నుంచి ఉత్తరం రాస్తున్నాను. గుండ్లు విసిరే మోర్టార్ దగ్గర డ్యూటీ అని విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అక్క తునికాకు తెంపే అడవి ఆ గుట్ట కిందే ఉంది.

మా సైట్ వాచ్‌మన్, బలూచిస్తాన్ ముసలాయన, వయసులో ఇక్కడి సుల్తాన్ ఫౌజులో చేరి సలాలా కొండ మీద ఫిరంగి కొట్టినవాడు. "కింద ఎవరున్నరో మాకు కనబడకపోయేది బేటా. వైర్‌లెస్‌ల మ్యాపు నంబర్ చెప్తే కొట్టుడే" అన్నాడు.

అక్క ఈ యేడు ఆకు తెంపే చోటు నీకు తెలియాలని, అటు గుండు పడొద్దని బొమ్మ గీసి, గుర్తు పెట్టాను. మళ్లీ నేనే చింపేశాను. ఆ కాగితం మీ సార్ చేతిలో పడితే? గుర్తు పెట్టిన చోటే కదా మీరు కొట్టేది.

నీ అన్న