గ్యాలరీకి నెలనెలా చందా

మే 5, ఆదివారం

మూడంతస్తుల గదుల వరసలున్న మా పాత చాల్‌కి అన్యాయం జరిగింది. చేసినవాడు సొసైటీ సెక్రటరీ దత్తారామ్ శిర్సాట్. పేరుతో సహా రాస్తున్నాను, నాకేం భయం లేదు. ఏళ్ల తరబడి గదిగదికీ తిరిగి కూడబెట్టిన రిపేర్ ఫండ్ మొత్తం తీసుకెళ్లి ఒక ఆర్కిటెక్ట్ చేతిలో పోశాడు. బదులుగా వచ్చింది, చాల్ కూల్చి బిల్డర్ కట్టబోయే టవర్‌కి థర్మోకోల్ బొమ్మ. సొసైటీ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టారు. ఆదివారమైతే జనం చుట్టాలను తీసుకొచ్చి, అదిగో ఆ కిటికీ మాదే అని వేలు పెట్టి చూపిస్తున్నారు.

ఈ పొద్దున మూడో అంతస్తు గదుల ముందున్న గ్యాలరీ దూలంలోంచి అరచేయంత చెక్క ఊడి, కింద పెడ్నేకర్ కాకా టైలర్ షాపు ముందు పడింది. నలిపితే రవ్వలా రాలింది. ఆ దూలం మా రెండో అంతస్తుకి నెత్తి, పైన ఇందు మావ్షికి కాళ్ల కింది నేల. చాల్ అంతటికీ పిన్ని లాంటి ఒంటరి మనిషి, జంతికల్లాంటి చక్లీలు వండి అమ్ముకుంటుంది. పంపు దగ్గరికైనా పాయఖానాకైనా ఆ గ్యాలరీ మీదే నడవాలి. ఇంకో నెలలో వానలు.

సహకార సంఘాల మీద నా దగ్గరున్న కరపత్రంలో ఒక మాట ఉంది. ఉమ్మడి ఆస్తిని కాపాడనివాడు దాన్ని దోచినవాడితో సమానం. దాని కింద రెండు గీతలు గీశాను.

మే 8, బుధవారం

ఆ బొమ్మ టవర్‌లో ప్రతి కిటికీకీ ఏసీ కూడా అంటించారు.

మే 12, ఆదివారం

బడ్జెట్ తయారు చేశాను. గదికి నెలకి ఇంత. టీవీ రీచార్జి కన్నా తక్కువే. ఈ ఏడు గ్యాలరీ కూలకుండా కింద ఇనుప జాకీల ఊతం. ఆ తర్వాత ఏడాదికో దూలం మార్చడం. ప్రతి వేసవిలో పైకప్పుకి తారు. ఏమీ పాడవని సంవత్సరంలో కూడా కట్టాలి. అసలు కిటుకు అదే. ఆ మాట చెప్పగానే తలుపులు మూసుకుపోతున్నాయి.

పెడ్నేకర్ కాకా, గ్యాలరీ పైనోళ్లది, నేను కిందోణ్ణి, నాకేంటి సంబంధం అన్నాడు. పడేది మీ నెత్తినే కదా కాకా అన్నాను. అయితే హెల్మెట్ కొనుక్కుంటాలే, నీ చందా కన్నా చవక అన్నాడు. మా అంతస్తువాళ్లు గ్యాలరీకైతే చూద్దాం, పైకప్పుకి మాత్రం పైసా ఇవ్వం అన్నారు. మూడో అంతస్తువాళ్లు కప్పుకి ఇస్తారట, డ్రైనేజీకి ఇవ్వరట. వాళ్ల నీళ్లేమో ఆకాశంలోకి పోతున్నట్టు!

నాన్న అంతా విని చివర్లో నోరు విప్పాడు. ఒరేయ్, రిపేర్ చేస్తే బిల్డింగ్ గట్టిపడుద్ది. గట్టిపడితే కార్పొరేషన్ వాళ్లు డేంజర్ అని రాయరు. డేంజర్ అని రాయకపోతే బిల్డర్ రాడు, కొత్త ఫ్లాట్ రాదు. ఆ మాత్రం తెలీదా నీకు అన్నాడు.

చాల్ మొత్తం నమ్మకం ఇదే. నేను పుట్టక ముందు నుంచీ బిల్డర్ వస్తూనే ఉన్నాడు. అందుకని ఎవరూ ఒక్క మేకు కొట్టరు. బిల్డింగ్ కూలేంత పాడవ్వాలి, కానీ కూలకూడదు. ఇదీ మా ప్లాన్.

మే 19, ఆదివారం

సొసైటీ మీటింగ్. ఓడిపోయాను.

నేను బడ్జెట్ చదువుతుంటే శిర్సాట్ నవ్వుతూ కూర్చున్నాడు. ఒరే సుబోధ్యా, నీ కరపత్రాల్లో కొత్త ఫ్లాట్ తాళం ఎక్కడ దొరుకుద్దో కూడా రాశారా అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. దొంగా అని అరిచాను. అప్పుడు లేచాడు. ఒక్క పైసా నా ఇంటికి పట్టుకెళ్లానా? ఫండ్ ఆర్కిటెక్ట్‌కి ఇద్దామంటే చేతులెత్తింది ఎవరు? అందరికన్నా ముందు లేచింది మీ నాన్న చెయ్యి, అడుగు అన్నాడు.

నాన్న వైపు చూశాను. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఇందు మావ్షి కూర్చున్నచోటి నుంచే, నేను గోడకి ఆనుకుని నడుస్తున్నాలే, నెత్తిమీది చక్లీల డబ్బాకే ఆ తెలివి లేదు అంది. దానికీ నవ్వారు. తర్వాత చేతులు లెక్కపెట్టారు. నా వైపు లేచినవి నాది, మావ్షిది, ఇంకో రెండో మూడో.

మే 20, సోమవారం

నాన్నతో మాట్లాడలేదు.

జూన్ 6, గురువారం

తెల్లవారుజామున మొదటి వాన. పొద్దున్నే మావ్షి బిందె పట్టుకుని బయటికి వచ్చిందట. కాలి కింద గ్యాలరీ పలక విరిగింది. నేను పళ్లు తోముకుంటున్నాను. నా తల మీద పెళ్లుమని శబ్దం, ఆ వెంటనే బిందె దొర్లిన చప్పుడు. తలెత్తితే మా గ్యాలరీ కప్పులోంచి ఒక కాలు వేలాడుతోంది. వెండి మట్టెలు లేని వేళ్లు, పగిలిన మడమ. నెత్తురు చీర అంచు మీదుగా కారుతోంది.

నేను మెట్ల వైపు పరిగెత్తాను. నాన్న స్టూలెక్కి ఆ పాదాన్ని రెండు చేతులతో పైకి ఎత్తిపట్టుకున్నాడు. ఇంకాస్త ఉంటే మనిషంతా జారేది. నేను పట్టుకున్నా తాయీ, నువ్వు కదలకు, నేను పట్టుకున్నా అంటూనే ఉన్నాడు. పైనుంచి మేం నలుగురం లాగి తీసేవరకూ వదల్లేదు. పైకి లాగేశాక కూడా ఆయన చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

తొడ ఎముక విరిగింది. గవర్నమెంట్ ఆసుపత్రిలో చేర్చాం.

జూన్ 7, శుక్రవారం

మావ్షికోసం చందా డబ్బా తిరిగింది. నా బడ్జెట్ విని తలుపులేసుకున్నవాళ్లే పిలిచి మరీ వేశారు. ఏ అంతస్తు అని ఎవరూ అడగలేదు. అందరికన్నా ఎక్కువ వేసింది పెడ్నేకర్ కాకా. కళ్లు తుడుచుకుంటూ వేశాడు.

మా చాల్‌లో ఇదొక వింత. మనిషి పడ్డాక ఇచ్చే చెయ్యి, పడకముందు జేబులోంచి బయటికే రాదు.

సాయంత్రం శిర్సాట్ వచ్చాడు. ఆ కన్నం ఫొటోలు నాలుగువైపుల నుంచీ తీసి పెట్టండి, ఇక కార్పొరేషన్‌లో ఫైల్ కదులుద్ది అన్నాడు గొంతు తగ్గించి. వెనక ఎవరో, మావ్షి పుణ్యమా అని బిల్డర్ వస్తాడు అన్నారు. నేను శిర్సాట్ మీదికి చెయ్యెత్తాను. నాన్న మధ్యకొచ్చాడు, నన్ను వెనక్కి నెట్టాడు. దత్తూ, ఆవిడ కాలు ఇంకా నా చేతుల్లోనే ఉన్నట్టుంది, నా ముందు ఫొటో మాటెత్తకు అన్నాడు. శిర్సాట్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రాత్రి నాన్నకి నేనే అన్నం వడ్డించాను. పక్కనే నా కంచమూ పెట్టుకున్నాను.

జూన్ 8, శనివారం

ఆసుపత్రికి నేనూ నాన్నా పెడ్నేకర్ కాకా వెళ్లాం. మావ్షి కాలు బరువుకట్టి పైకి వేలాడదీశారు. డబ్బా చేతిలో పెడితే తీసుకోలేదు. కోపంగా ఉంది. అంత కోపం ఆమెలో ఎప్పుడూ చూడలేదు.

నా కాలికి ఇక్కడ డాక్టరున్నాడు, ఆ గ్యాలరీకి ఎవరున్నారురా అంది. నేను పడితే చందా వేశారే, అది నాకన్నా ముసలిది, ఎప్పటినుంచో మంచంలో ఉంది, దానికీ వెయ్యండి. ఒక్కసారి వేసి చేతులు దులుపుకోవద్దు. నా ఎముకైనా అతుక్కుంటుందేమో, అది మాత్రం ఎప్పటికీ పూర్తిగా బాగుపడదు. బతికినన్నాళ్లూ నెలనెలా మందు పొయ్యాల్సిందే అంది.

పెడ్నేకర్ కాకా, అట్లాగే వదినా అన్నాడు. హెల్మెట్ మాట ఎత్తలేదు.

జూన్ 12, బుధవారం

మళ్లీ తిరిగాను. ఈసారి బడ్జెట్ చదవలేదు. గ్యాలరీకి ఈ నెల చందా అన్నాను, అంతే. నాన్న డబ్బా పట్టుకున్నాడు. కొన్ని తలుపులు ఇప్పటికీ తెరుచుకోలేదు. ఒకావిడ, మీ అయ్య మాట విని ఇన్నాళ్లు ఆగాం, ఇప్పుడు మీ అయ్య మాట విని ఇవ్వాలా అంది. నాన్న తలొంచుకుని, అవునమ్మా, ఇవ్వాలి అన్నాడు.

శిర్సాట్ తప్పు చేశాడు. నేను రాసిన పేరు కొట్టెయ్యను. కానీ ఒక్క చేత్తో ఫండ్ కరగలేదు. ఆ చేతులన్నిటితోనే ఇప్పుడు జాకీలు ఎత్తాలి. ఏ కరపత్రంలోనూ ఇది లేదు.

జాకీల అద్దెకి సరిపోయింది. దూలానికి సరిపోలేదు. వచ్చే నెల ఉంది, ఆ తర్వాతి నెల ఉంది.

జూన్ 15, శనివారం

బోర్డు మీద రాసింది:

రేపు ఆదివారం, పొద్దున ఏడింటికి, రెండో అంతస్తు మెట్ల దగ్గర. జాకీలు నిలబెట్టాలి. గదికి ఒకరు. చందా ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు, బిల్డర్ కోసం చూసేవాళ్లు, అందరూ రండి. గ్యాలరీ మీదికి మాత్రం ఒక్కసారిగా ఎక్కకండి. ఒక్కొక్కరే రండి.