మిషన్ చప్పుడు

జూలై 9. పొద్దుటి నుంచి ముసురు. కుట్టుమిషన్‌కి నూనె వేశాను.

అమ్మలూ,

రికార్డింగ్ స్కూల్లో నువ్వు శుభ్రం చేసి పంపిన మీ అమ్మ పాట విన్నాను. తను పోయిన నాలుగేళ్లకి పక్కనే కూర్చుని పాడినట్టుంది. మీ మాస్టారు మెచ్చుకోవడంలో వింత లేదు.

కానీ వెనకాల నా మిషన్ చప్పుడు తీసేశావు. మధ్యలో నేను పాట వినడానికి తొక్కడం ఆపితే, "ఆపారేం, తొక్కండి, నాకు తాళం తప్పుతుంది" అంటుంది అమ్మ. ఆ మాట కూడా పోయింది. మేమిద్దరం కలిసి వినిపించేది ఆ ఒక్కదాన్లోనే.

నీ పని బాగాలేదని కాదు. పాతది చెరిపెయ్యకపోతే పంపు. అప్పటిదాకా ఫోన్లో పాట పెట్టుకుని, పక్కన నేనే తొక్కుతున్నాను. ఇవాళ రెండు దిండు గలీబులయ్యాయి. మూడోదానికి పాట మళ్లీ మొదట్నుంచి పెడుతున్నాను.

నాన్న